పాట పలికించు పెట్టెలు

పాడిన మనిషి వెడలిపోయిన తరువాత పాట నిలిచియుండుట పూర్వులకు లభింపని భాగ్యము. ఎందరో మహాగాయకుల కంఠములు వారితోడనే అంతరించినవి. 1877వ సంవత్సరమున ఎడిసన్ ధ్వనిని తగరపు రేకుపై చెక్కి మరల వినిపించినది మొదలు, కంఠమును దాచుకొను విద్య మానవునకు అలవడినది. అయితే దాచుకొనుట ఒక యెత్తు. దాచినదానిని దాచినట్లే వెలికి తీయుట మరియొక యెత్తు. ఈ రెండవ పని చేయునది స్పీకరు. అది తన పని సరిగా చేయనిచో, దాచిన కంఠము ఇంటనుండియు లేనట్లే యగును.

రాజమహేంద్రవరములో గోదావరి గట్టునకు కొంచెము దూరమున ఒక చిన్న యిల్లు కలదు. ఆ యింటి పెద్ద తపాలా కార్యాలయమున ముప్పది యేండ్లకు పైగా పనిచేసి విశ్రాంతి పొందిన వృద్ధుడు. ఆయన భార్య కచేరీలు చేసిన విదుషి కాదు. 1948 డిసెంబరు 1వ తేదీన ప్రారంభమైన విజయవాడ ఆకాశవాణి కేంద్రము ఉదయవేళ ప్రసారము చేసెడు భక్తిరంజనిని వినుచు, వంటపని చేసికొనుచు, పాటలు నేర్చుకొన్న గృహిణి. 1988వ సంవత్సరమున శ్రీరామనవమినాడు ఆమె ఇంటిముందరి పందిరిలో ఒక రామదాసు కీర్తన పాడెను. ప్రక్కయింటివారు తంబుర మీటిరి. వారి బంధువొకరు మృదంగము వాయించిరి. ఆమె తొడపై తాళము వేయుచుండగా చేతిగాజులు గలగలలాడినవి. ఆ పాటను తాతగారు టేపురికార్డరుతో ఒక కాసెట్టులో పట్టి దాచిరి. ఆమె 2008వ సంవత్సరమున కాలము చేసెను. ఆ మరుసటి యేట మనుమరాలు పుట్టెను.

2022వ సంవత్సరపు వేసవిలో, కాసెట్టు పాడైపోవునేమో యను భయముతో, కుమారుడు ఆ పాటను కంప్యూటరులోనికి ఎక్కించెను. మనుమరాలు తన ల్యాప్‌టాప్‌లో దానిని వినెను. విని, తాతగారి వంక చూచి, "తాతయ్యా! నాయనమ్మ గొంతు ఇంత సన్ననిదా?" అని అడిగెను.

తాతగారు కొంతసేపు మాటాడలేదు. పిదప, "కాదమ్మా! అది నిండైన గొంతు. పందిరి చివర నిలుచున్నవారికి కూడ గుండెలో పలుకుచున్నట్లు ఉండెడిది. దీనిలో తంబురయే వినబడుట లేదు" అనిరి. మరునాడు వారు బీరువానుండి ఐదువేల రూపాయలు తీసిరి. పింఛనులో నెలకు కొంచెము చొప్పున మిగిల్చిన సొమ్ము అది. "కంప్యూటరు బల్లపై ఇముడునంతటి చిన్న స్పీకర్లు కొందము. ఇంతకు మించి ఒక్క రూపాయియు లేదు. తప్పుగా కొన్నచో మరల కొనుటకు వీలుపడదు" అని చెప్పిరి.

ల్యాప్‌టాప్‌లో ఆ గొంతు ఏల సన్నబడెను? దీనికి సమాధానము ఎనిమిదవ తరగతి విద్యార్థికి తెలిసినదే. ధ్వనియనగా కంపనము. సెకనునకు ఎన్ని కంపనములో అదియే పౌనఃపున్యము. దానిని హెర్ట్జులలో చెప్పుదురు. మనుష్యుని చెవి సుమారు 20 హెర్ట్జుల నుండి 20,000 హెర్ట్జుల వరకు వినగలదు. ఆ గృహిణి శ్రుతి ఐదు. అనగా ఆమె ఆధారషడ్జము సుమారు 196 హెర్ట్జులు. తంబురలోని మంద్రషడ్జపు తీగ అందులో సగము, అనగా 98 హెర్ట్జుల యొద్ద పలుకును. మృదంగపు ఎడమ ప్రక్క నాదమును అట్లే దిగువనుండి వచ్చును. ఇట్టి మంద్రధ్వనులను పుట్టించుటకు ఎక్కువ గాలిని కదలింపవలెను. ల్యాప్‌టాప్‌లోని స్పీకరు బొటనవ్రేలి గోరంత. అది కదలింపగల గాలి ఎంత? కావున క్రింది ధ్వనులు రాలిపోయి, పైవి మాత్రము మిగిలినవి. వేళ్లు నరికిన చెట్టువలె పాట గాలిలో నిలిచినది.

స్పీకరు చేయు పని పైకి కనబడునంత గహనమైనది కాదు. ఒక బలమైన అయస్కాంతము. దాని సందున సన్నని తీగచుట్ట. ఆ చుట్టకు అతికిన గరాటు వంటి కాగితపు పొర. పాట విద్యుత్తు రూపమున తీగచుట్టలోనికి వచ్చును. అయస్కాంతము దానిని ముందునకును వెనుకకును నెట్టును. పొర గాలిని నెట్టును. గాలి చెవిని చేరును. ఈ పద్ధతిని పరిష్కరించి, నేటి స్పీకర్లకు ఒరవడి దిద్దినవారు అమెరికా దేశమునందలి చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెల్లాగ్ అను ఇంజనీర్లు. వారు తమ పరిశోధనను 1925వ సంవత్సరమున ప్రకటించిరి. నాటికిని నేటికిని మూలసూత్రము మారలేదు.

పొర ముందునకు కదలినపుడు ఎదుటి గాలి నొక్కబడును. అదే క్షణమున వెనుకటి గాలి పలుచబడును. ఈ రెండును కలిసినచో ఒకదానిని మరియొకటి చంపుకొనును. మంద్రధ్వనులకు ఈ నష్టము మిక్కిలి యెక్కువ. వెనుకటి గాలిని వేరుచేసి నిలుపుటకే స్పీకరును పెట్టెలో బిగింతురు. కావున పెట్టె అలంకారము కాదు. అదియు వాద్యములో భాగమే. పలుచని ప్లాస్టిక్ పెట్టె తానును అదరి, పాటలో లేని ధ్వనిని కలుపును. మందమైన చెక్కపెట్టె తాను ఊరకుండి పాటను పలుకనిచ్చును.

తాతయు మనుమరాలును బజారులోని దుకాణమునకు పోయిరి. బాలిక ఆ పాటను ఒక చిన్న ఫోనులో పెట్టుకొని వచ్చెను. దుకాణదారుడు మర్యాదగా కూర్చుండబెట్టి, "బాబుగారూ! ఇదిగో, మా దగ్గర ఎక్కువగా అమ్ముడుపోవునది ఇదే" అని ఒక జతను ముందుంచెను. వాటి అంచుల వెంబడి ఎర్రని, నీలపు దీపములు వెలుగుచుండెను. అట్టపెట్టెపై 'రెండువందల వాట్లు' అని పెద్ద యక్షరములతో ముద్రింపబడియుండెను. అతడు ఒక క్రొత్త సినిమాపాటను వినిపించెను. బల్ల అదరెను. బాలిక ముఖము వికసించెను. "తాతయ్యా! ఇదే బాగున్నది!" అనెను.

"ఏదీ, మీ నాయనమ్మ పాట పెట్టుము" అనిరి తాతగారు.

పాట మొదలయ్యెను. మృదంగము ఎడమ ప్రక్క దెబ్బ పడినప్పుడెల్ల పందిరి కూలినట్లు ధ్వనించెను. గొంతు కాగులో తలపెట్టి పాడినట్లు వినబడెను. గాజులు అసలే లేవు. తాతగారు తల అడ్డముగా త్రిప్పిరి. బాలిక ఆ అట్టపెట్టెను చేతికి తీసికొని వెనుకప్రక్క చదివెను. ఆ స్పీకర్లకు గోడవిద్యుత్తు అక్కరలేదు; కంప్యూటరుకు తగిలించు యు.ఎస్.బి. తీగయే చాలును. దానికి 5 వోల్టులు, 0.5 ఆంపియరు అని చిన్నయక్షరములతో వ్రాసియుండెను. వోల్టులను ఆంపియర్లతో గుణించినచో వాట్లు వచ్చునని ఆమెకు ఉపాధ్యాయుడు చెప్పియుండెను. ఆమె గుణించి, "లోనికి వచ్చునది రెండున్నర వాట్లు. బయటికి రెండువందల వాట్లు ఎట్లు పోవునండీ?" అని అడిగెను.

దుకాణదారుడు నవ్వి, "అది పి.ఎం.పి.ఓ. లెక్క అమ్మా" అనెను. అది రెప్పపాటు కాలమున కలుగవచ్చునని ఊహించిన గరిష్ఠశక్తికి పెట్టిన పేరు. దానిని కొలుచుటకు అందరును ఒప్పుకొన్న పద్ధతి లేదు. నిలుకడగా ఈయగల శక్తిని తెలుపునది ఆర్.ఎం.ఎస్. అను లెక్క. కొనువాడు చూడవలసినది దానినే. "నూతిలో లేనిది చేదలోనికి ఎట్లు వచ్చును?" అని తాతగారు నవ్విరి. అదియు గాక, వాట్లు రెట్టింపైనచో ధ్వని రెట్టింపు కాదు; మూడు డెసిబెల్‌లు మాత్రమే పెరుగును. చెవికి రెండింతలుగా తోచుటకు ఇంచుమించు పదిరెట్లు శక్తి కావలెను. బల్లపై రెండడుగుల దూరమున నుండు స్పీకర్లకు నిజమైన పది వాట్లు ఉన్నచో చిన్నగదికి పుష్కలము.

రెండవ జత నాజూకుగా నుండెను. దానిలో అదే సినిమాపాట తళతళలాడుచు వినబడెను. ప్రతి మాటయు స్పష్టము. ఈసారి తాతగారి ముఖము వికసించెను. "ఆహా! ఎన్నాళ్లకు మాటలు ఇంత తేటగా వింటిని! ఇదే తీసికొందము" అనిరి. తరువాత నాయనమ్మ పాట పెట్టిరి. తాతగారు ఆనందముతో వినుచుండగా బాలిక చెవులు మూసికొనెను. "తాతయ్యా! ఎవరో ప్రక్కన తాలింపు వేయుచున్నట్లు చుఱ్ఱుమనుచున్నది. మీకు వినబడుట లేదా?"

తాతగారికి వినబడుట లేదు. వయసు పైబడినకొలది చెవి మొదట పోగొట్టుకొనునది హెచ్చు పౌనఃపున్యములనే. కాసెట్టులలో సహజముగా ఒక సన్నని రొద యుండును. హెచ్చు ధ్వనులను కావలెనని పెంచి వినిపించు స్పీకరు ఆ రొదనుకూడ పెంచును. పెద్దవారికి అది తేటదనముగా తోచును. పిల్లలకు ముల్లువలె గ్రుచ్చుకొనును.

అప్పుడు ఇద్దరికిని ఒక సంగతి బోధపడెను. తాతగారికి ఆ గొంతు తెలియును. కాని వారి చెవికి పైధ్వనులు అందవు. బాలికకు అన్ని ధ్వనులును అందును. కాని ఆ గొంతును ఆమె ఎన్నడును వినియుండలేదు. ఏ ఒక్కరును ఒంటరిగా ఆ పరీక్ష చేయజాలరు. తాతగారు, "అమ్మా! గొంతు సంగతి నేను చూచుకొందును. గాజుల సంగతి నీవు చూడుము. మీ నాయనమ్మ తాళము వేసినప్పుడెల్ల గాజులు మ్రోగెడివి. అవి విడివిడిగా వినబడవలెను, రొదలో కలిసిపోరాదు" అని పని పంచిరి.

బాలిక మరియొక ఉపాయము కూడ పన్నెను. దుకాణదారుడు తాను అమ్మదలచినదానిని పెద్దగాను, తక్కినవానిని మెల్లగాను వినిపించుచున్నట్లు ఆమె కనిపెట్టెను. ఏమాత్రము పెద్దగా వినబడినను అదే మేలైనదని భ్రమపడుట చెవికి స్వభావము. ఆమె, "అన్నింటిని ఒకే బిగ్గరలో వినిపింపుడండీ" అని కోరెను. అతడు ఒప్పుకొనెను.

మూడవ జత నల్లని చెక్కపెట్టెలు. ఒక్కొక్కటి జానెడు ఎత్తు. దీపములు లేవు. ఒక్కొక్క పెట్టెలో మంద్ర మధ్య ధ్వనులకు అరచేయంత స్పీకరు ఒకటి, హెచ్చు ధ్వనులకు రూపాయిబిళ్లంత స్పీకరు మరియొకటి ఉండెను. వెనుకప్రక్క ఒక గుండ్రని రంధ్రము. పెట్టెలోని గాలి ఆ రంధ్రముగుండ సరియైన వేళకు వెలువడి మంద్రధ్వనులకు బలము చేకూర్చును. వీటికి గోడవిద్యుత్తు కావలెను. వెల నాలుగువేల ఆరువందలు. సినిమాపాట పెట్టినపుడు బల్ల అదరలేదు, పాట తళతళలాడనులేదు. "ఇందులో విశేషమేమున్నది?" అని బాలిక పెదవి విరిచెను. తాతగారును అంతగా మెచ్చలేదు.

తరువాత నాయనమ్మ పాట పెట్టిరి. మొదట తంబుర. గదిలో ఎవరో చాప పరచినట్లు ఆ నాదము అడుగున పరచుకొనెను. దానిపై గొంతు వచ్చి కూర్చుండెను. తాతగారు తల వంచుకొనిరి, ఏమియు పలుకలేదు. బాలిక కన్నులు మూసికొని వినుచు, కొంతసేపటికి మెల్లగా, "గాజులు వినబడుచున్నవి తాతయ్యా! రెండు చేతులవి కావు, ఒక్క చేతివే" అనెను.

"అవును. ఆమె ఒక్క చేతితోనే తాళము వేసెడిది" అని తాతగారు చెప్పిరి. ఆ సంగతి ఆమెకు అంతకుముందు ఎవరును చెప్పియుండలేదు.

ఒకే షడ్జమును వయొలిను పలికినను, పిల్లనగ్రోవి పలికినను, మనిషి పాడినను, వేనిని వేరుగా గుర్తింపగలుగుచున్నాము. కారణమేమన, ప్రతి నాదముతోడను దానిపై మరికొన్ని సన్నని నాదములు కలిసి పుట్టును. వీనిని అతిస్వరములందురు. అవి ఎంతెంత పాళ్లలో కలిసినవో దానినిబట్టి ఒక్కొక్క గొంతునకు ఒక్కొక్క రూపము ఏర్పడును. మృదంగపు కుడిమూత నడుమ అతికిన నల్లని ముద్ద ఆ వాద్యపు అతిస్వరములను శ్రుతిలో నిలుపుచున్నదని సర్ సి.వి. రామన్ 1920వ సంవత్సరముననే వెల్లడించెను. స్పీకరు ఈ పాళ్లను చెరుపరాదు. క్రిందివి పెంచినను, పైవి పెంచినను గొంతు మారిపోవును. తపాలావాడు ఉత్తరమును విప్పడు. ఒక మాట చేర్చడు. ఒక మాట తీయడు. ఎవరు వ్రాసినది వారి మాటగానే చేర్చును. మంచి స్పీకరు చేయవలసినదియు అంతే. ముప్పది యేండ్లు ఉత్తరములు చేర్చిన పెద్దకు ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. వారు ఆ మూడవ జతకే సొమ్ము చెల్లించి, రసీదును, హామీపత్రమును భద్రముగా జేబులో పెట్టుకొనిరి.

ఇంటికి వచ్చి పెట్టెలను బల్లమీద గోడకు ఆనించి, మూలగా ఉంచిరి. పాట పెట్టగనే మృదంగము గుమగుమలాడెను, గొంతు బరువెక్కెను. "అయ్యో! దుకాణములో ఇట్లు లేదే!" అని బాలిక దిగులుపడెను. లోపము పెట్టెలలో లేదు. వానిని ఉంచిన చోటులో ఉన్నది. 98 హెర్ట్జుల ధ్వని యొక్క తరంగదైర్ఘ్యము సుమారు మూడున్నర మీటర్లు. అంత పొడవైన తరంగము పెట్టెకు ఎదురుగా మాత్రమే పోక అన్ని వైపులకు వ్యాపించును. గోడకు తగిలి తిరిగివచ్చి అసలు ధ్వనితో కలిసి దానిని పెంచును. మూలలో రెండు గోడలుండుటచే ఆ పెరుగుదల మరింత హెచ్చు.

కుమారుడు బల్లను మూలనుండి ఇవతలికి జరిపెను. పెట్టెలకును గోడకును నడుమ మూరెడు ఎడము విడిచిరి. రెండు పెట్టెల నడుమ ఎంత దూరమో, ఒక్కొక్క పెట్టెనుండి వినువాని తలకు అంతే దూరముండునట్లు కుర్చీని వేసిరి. మూడును కలిసి సమబాహు త్రిభుజమైనది. పెట్టెల ముఖములను కుర్చీవైపు కొంచెము త్రిప్పిరి. చిన్న స్పీకరు చెవి యెత్తునకు రావలెనని బాలిక పాత నిఘంటువులను రెండింటిని పెట్టెల క్రింద ఉంచెను. ఈ మార్పులకు ఒక్క పైసాయు ఖర్చు కాలేదు. అయినను గుమగుమ తగ్గిపోయి, దుకాణములో విన్న తేటదనము తిరిగి వచ్చెను.

తాతగారిని కుర్చీలో కూర్చుండబెట్టి బాలిక వారి కాళ్లముందు చాపపై కూర్చుండెను. పాట మొదలయ్యెను. వింతయేమన, ఈసారి గొంతు కుడిపెట్టెనుండి రాలేదు, ఎడమపెట్టెనుండియు రాలేదు. రెండింటి నడుమ, బల్లపై ఏమియు లేని చోటునుండి వచ్చెను. ఇంగ్లండు దేశపు ఇంజనీరు అలన్ బ్లమ్లైన్ రెండు స్పీకర్లతో ధ్వనికి స్థానము కల్పించు విధానమునకు 1931వ సంవత్సరమున పేటెంటు కోరెను. నేటి స్టీరియో సంగీతమునకు అది పునాది. కాసెట్టులోని పాట ఒక్క మైకుతో పట్టినది; అందులో కుడి ఎడమల భేదము లేదు. అయినను ఒకే ధ్వని, ఒకే వేళకు, ఒకే బలముతో రెండు చెవులకును చేరినపుడు మెదడు దానిని నడిమిచోట ఉన్నదానిగా ఎంచుకొనును.

"తాతయ్యా! నాయనమ్మ అక్కడ కూర్చున్నట్లున్నది" అని బాలిక ఆ ఖాళీ చోటును చూపెను. తాతగారు అక్కడికే చూచుచుండిరి.

బాలిక ధ్వనిని ఇంకను పెంచబోయెను. తాతగారు వారించిరి. "నా చెవి వయసుచేత చెడినది. నీ చెవి చేతులార చెడగొట్టుకొనకుము" అనిరి. ఆ మాట యథార్థము. 80 డెసిబెల్‌ల ధ్వనిని వారమునకు 40 గంటలకు మించి వినరాదనియు, 90 డెసిబెల్‌లైనచో 4 గంటలకు మించి వినరాదనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించుచున్నది. దగ్గరనున్న మంచి స్పీకర్లకు పెద్దధ్వనితో పనిలేదు.

చరణము వచ్చెను. తాళము నిలుకడగా నడచుచుండెను. తాతగారు కొంచెము ముందునకు వంగి, "గాజులు ఇప్పుడు కూడ వినబడుచున్నవా అమ్మా?" అని అడిగిరి.

"వినబడుచున్నవి తాతయ్యా."

"నాకు లేవు. నాటి పందిరిలో బాగుగా వినబడెడివి."

బాలిక ఒక క్షణము ఆలోచించి, తాతగారి చేతిని తన ఒడిలోనికి తీసికొనెను. గాజులు మ్రోగినప్పుడెల్ల వారి అరచేతిపై తన వ్రేలితో మెల్లగా తట్టసాగెను. పాట ముగియువరకును వారు ఆ చేతిని వెనుకకు తీసికొనలేదు.